గాయాల్లేని టీమ్

"నువ్వు లోపలికి రాకు నాన్నా, ఇక్కడే ఉండు" అంది నైనిక. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదేమో. సినిమా హాల్లో పాప్‌కార్న్‌కి వెళ్తూ సీటు చూస్తుండమన్నంత మామూలుగా అని, క్లినిక్ వాళ్ళిచ్చిన నీలం గౌనులో, కాళ్ళకి మేజోళ్ళతోనే, ఎమ్మారై తీసే అమ్మాయి వెనకాల వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది. పదమూడేళ్ళ పిల్ల, కుడిచేతిని పొట్టకి ఆనించుకుని, ఎడమచేత్తో దాన్ని కిందినుంచి పట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డని ఎత్తుకెళ్తున్నట్టు తన చేతిని తనే ఎత్తుకెళ్తోంది. ఈ నడక ఎప్పట్నించి? ఇంట్లో ఇలాగే నడుస్తోందా? ఫణికుమార్ కూర్చున్నాడు, లేచాడు, మంచినీళ్ళ కోసం వెళ్ళి తాగకుండానే వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. గోడల నిండా ఈ డాక్టర్లు బాగుచేసిన ఆటగాళ్ళ జెర్సీలు, అద్దాల వెనక, సంతకాలతో. టీవీలో శబ్దం లేకుండా ఎవరో కేక్ కోస్తున్నారు. బయట పార్కింగ్‌లో కార్లన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. మార్చి వచ్చిందంటే క్యారీ ఊరంతా ఇంతే, పైన్ చెట్ల పుప్పొడి. ఇందాక లోపల డాక్టర్ ఎప్పట్నించి నొప్పి అని అడిగింది, నైనికనే అడిగింది, అతన్ని కాదు. నైనిక నేల చూసి, శనివారం నుంచి అంది. డాక్టర్ తలెత్తి అతని వైపు చూసింది. అతని తల ఊగింది. ఊపాలని అతను అనుకోలేదు, తలే ఊగింది, అవునవును, శనివారం నుంచే, అన్నట్టు. ఊగాక ఇక ఆపడానికి ఏముంది, డాక్టర్ టైప్ చేసేసుకుంది. ఇక్కడే మిషన్ ఉంది, వెంటనే తీయించి చూసి చెప్తాను అంది.

ఫోన్ తొడ మీద వణికింది. భార్య విజయశ్రీ అనుకున్నాడు, కాదు, లోకేష్. ఫాంటసీ లీగ్ గ్రూప్. ఇవాళ మంగళవారం కదా, డ్రాఫ్ట్ అయిన మొదటి మంగళవారం లోకేష్ అందరి టీములకీ మార్కులు వేస్తాడు, ఏడేళ్ళుగా అదో పండగ. పదిమంది తెలుగువాళ్ళు, అందరూ ఇక్కడిక్కడే, క్యారీలో, పక్క ఊళ్ళలో. టీవీలో ఆడే నిజం బేస్‌బాల్ ఆటగాళ్ళని తలా కొందర్ని వంతులవారీగా ఎంచుకుని, డ్రాఫ్ట్ అంటే అదే, కాగితం మీద టీములు కట్టుకుంటారు, ఆ ఆటగాళ్ళు నిజంగా ఎలా ఆడితే వీళ్ళకి అన్ని పాయింట్లు. అంతకుమించి ఏమీ లేదు. ఓడిపోయినవాడు అందరికీ బిర్యానీ పెట్టాలి. క్రికెట్ మాత్రమే తెలిసిన పదిమంది, రాజీవ్ మొదలెట్టిన సరదా, ఇప్పుడు భార్యలు విసుక్కునేంత ముదిరింది. లోకేష్ వాయిస్ మెసేజ్‌లు ఒక్కొక్క టీముకి ఒక్కొక్కటి పెడుతున్నాడు. ఫణి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో తెలీదు. లోపల పిల్ల ఆ మిషన్ సొరంగంలో చెయ్యి పెట్టి పడుకుని ఉంది, ఇక్కడ తను లోకేష్ జోకులు వింటున్నాడు, తీసేద్దామనుకున్నాడు, తీయలేదు. నిశ్శబ్దంగా ఉంటే ఆ తల ఊపడం మళ్ళీ గుర్తొస్తోంది. "రాజీవ్ అన్నా, నీ టీము గురించి ఏం చెప్పాలె, నీది టీము కాదు, ధర్మాసుపత్రి." గ్రూపులో నవ్వులు కురుస్తున్నాయి.

శనివారం సాయంత్రం డ్రాఫ్ట్. షార్లెట్ సిటీ దగ్గర హోటల్ రూమ్. నైనిక సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్ అక్కడే, బేస్‌బాల్ లాంటిదే ఆడపిల్లల ఆట, తండ్రీకూతుళ్ళిద్దరే వెళ్ళారు, విజయశ్రీకి ఆఫీసులో ఆడిట్. పగలు రెండు ఆటలు అయ్యాయి, రెండింట్లోనూ నైనికే పిచింగ్, అంటే మన బౌలింగ్ లాంటిది, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా. స్నానం చేసి వచ్చి ఒక మంచం మీద వాలింది, ముంజేతి మీద ఐస్ సంచి, దాని మీద హోటల్ తువ్వాలు చుట్టుకుని. రెండో మంచం మీద ఫణి, ఒళ్ళో లాప్‌టాప్. ఎంచుకోవడానికి వంతు వచ్చినప్పుడల్లా దాన్నే అడిగేవాడు, నైనీ, వీణ్ణి తీసుకుందామా, వాణ్ణా? అది చిన్నప్పట్నించీ వాళ్ళ అలవాటు. దానికి ఆట తెలుసు, తనకన్నా బాగా తెలుసు. ఓ ఎడమచేతి పిచర్ని ఇంకా ఎవరూ ఎంచుకోలేదు. వాడంటే ఫణికి ప్రాణం. మూడేళ్ళుగా వాడి కోసం కాచుకుని కూర్చున్నాడు. కానీ ఏదో సైట్లో చిన్న వార్త, ప్రాక్టీసులో ముంజేయి బిగుసుకుందన్నాడని, ఒక రోజు ఆపారని. ఒక్క రోజు. ఫణి ఆ వార్త పట్టుకుని అరగంట తవ్వాడు. ముంజేయి బిగుసుకుంటే ఏమవుతుంది, ఎంతమందికి అది పెద్ద గాయం అయింది, డాక్టర్లేమంటారు. పైకి చదివాడు కూడా, నైనిక వినాలని. "చూశావా, ముంజేయి నొప్పి అంటే చిన్నదనుకుంటారు, అది వార్నింగ్. వినకపోతే సీజన్ మొత్తం పోతుంది. వీణ్ణి ముట్టుకోకూడదు." పక్క మంచం మీంచి "ఓకే నాన్నా" అంది. తువ్వాలు తడిసి నీళ్ళు దుప్పటి మీదికి కారుతున్నాయి. అతను లాప్‌టాప్ మీంచి తలెత్తి, ఐస్ కరిగిపోయినట్టుంది, ఇంకో సంచి తేనా అన్నాడు. వద్దంది. ఆ పిచర్ని వదిలేసి ఇంకొకణ్ణి తీసుకున్నాడు, చెయ్యి బాగున్నవాణ్ణి. అదే గదిలో, నాలుగు అడుగుల దూరంలో. తనే చదివాడు, తన నోటితోనే. ఆ మాటలు తన చెవిలోనే ఎందుకు పడలేదు?

పడలేదని కాదు. పడ్డాయి. అక్కడే ఉంది అసలు సంగతి. ఫిబ్రవరిలో, ఇండోర్ ప్రాక్టీసు నుంచి తీసుకొస్తుంటే, వెనక సీట్లోంచి, "నాన్నా, ఇక్కడ హర్ట్ అవుతోంది" అంది. అద్దంలో చూశాడు. మణికట్టుకీ మోచేతికీ మధ్య వేలు పెట్టి చూపించింది. చలికాలం కదా, కండరాలు పట్టేస్తాయి అన్నాడు. అప్పుడు నిజంగానే అనుకున్నాడు. రెండోసారి చెప్పినప్పుడు సాఫ్ట్‌బాల్ వేరు నైనీ అన్నాడు, బేస్‌బాల్ వాళ్ళు చెయ్యి పైనుంచి విసురుతారు, అందుకే వాళ్ళ చేతులు పోతాయి, మీరు కిందినుంచి తిప్పి వేస్తారు, అది శరీరానికి సహజం, ఎన్ని బంతులైనా వేయచ్చు. ఎవరో పేరెంట్ గ్రౌండు దగ్గర అన్న మాట అది. ఆ మాటని మాత్రం అరగంట తవ్వలేదు. అరనిమిషం కూడా తవ్వలేదు. ఎందుకు తవ్వుతాడు, ఆ మాట తనకి కావలసిన మాట. మూడోసారి పిల్ల చెప్పలేదు. చెప్పడం మానేసింది. పాలు గ్లాసులో పోసుకుంటూ పెద్ద డబ్బాని ఎడమచేత్తో ఎత్తడం విజయశ్రీ చూసింది, అదేంటే ఎడమచేత్తో అంది. నైనిక నోరు తెరిచేలోపు ఫణి అందుకున్నాడు, రెండు చేతులూ సమానంగా వాడాలని కోచ్ చెప్పిందిలే అని. ఎంత చులాగ్గా వచ్చింది ఆ అబద్ధం, టోస్టు మీద వెన్న రాస్తూ. నైనిక తండ్రి వైపు చూసింది, తర్వాత పాలు తాగింది. ఆ తర్వాత ఆటలకి ముందు నొప్పి మాత్ర తనే ఇచ్చేవాడు, కార్లోనే, నీళ్ళ సీసా మూత తీసి మరీ. కోచ్ డేనా దగ్గరికొచ్చి ఎలా ఉన్నావు నైనా, చెయ్యి ఫ్రెష్‌గా ఉందా అంటే, పిల్ల కన్నా ముందు తనే, షీ ఈజ్ గ్రేట్, షీ ఈజ్ రెడీ. కోచ్ వెళ్ళాక మెల్లగా చెప్పేవాడు, బాగానే ఉందని చెప్పు, లేకపోతే బంతి ఆ ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తారు. ప్రతి వారం చెప్పాడు. ఇదేం పెద్ద విషయం అనిపించలేదు, హోంవర్క్ చేసుకో అన్నట్టే అనిపించింది.

ఎందుకు? ఎవరైనా అడిగితే ఏం చెప్తాడు? కాలేజీ స్కాలర్‌షిప్ అని విజయశ్రీతో ఒకసారి అన్నాడు, అది అబద్ధం, పదమూడేళ్ళకి స్కాలర్‌షిప్ ఏంటి. అసలు కారణం చెప్పుకునేది కాదు. ఆ మడత కుర్చీ. గ్రౌండు పక్కన వేసుకునే మడత కుర్చీ. పద్నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాడు. మీటింగుల్లో ఇతను మాట్లాడేటప్పుడు అందరూ తమ స్క్రీన్లు చూసుకుంటారు, ఇతని పేరు సగం మంది పాని అంటారు, దిద్దడం మానేశాడు. కానీ ఆ గ్రౌండు దగ్గర కుర్చీ భుజాన వేసుకుని నడిచి వస్తుంటే, ముక్కూమొహం తెలీని తెల్లవాళ్ళు చెయ్యి ఊపుతారు, హే, నైనాస్ డాడ్! చోటిస్తారు. కాఫీ తెచ్చిస్తారు. మీ అమ్మాయి చెయ్యి బంగారం అండీ అంటారు. నైనిక బంతి విసిరే వలయంలో నిలబడి చెయ్యి గిర్రున తిప్పి బంతి వదిలితే బ్యాటర్ గాలిని కొట్టి వెనక్కి తిరిగిపోతుంటే, ఆ అరుపులన్నీ ఎవరికోసమో తెలీనట్టు కూర్చుంటాడు, కానీ తెలుసు. చిన్నప్పుడు ఏ టీములోనూ ఎవరూ పిలవని వాడు, పిలిచినా బంతి పొదల్లోకి పోతే తేవడానికే పిలిపించుకున్నవాడు. ఇప్పుడు ఈ పిల్ల చెయ్యి మీద కూర్చుని ఊరేగుతున్నాడు. అంతే. దాని ముంజేతి మీద. అద్దంలో అది వేలు పెట్టి చూపించిన చోటి మీదే.

ఫోన్. ఈసారి విజయశ్రీ. "అయిందా? ఏమన్నారు?" స్కాన్ జరుగుతోంది అని కొట్టాడు. ఇంకా ఏదో రాయాలి. విజ్జీ, ఒక మాట, అని కొట్టాడు, చెరిపేశాడు. ఇది శనివారం నుంచి కాదు, అని కొట్టాడు. ఆ అక్షరాలు అలా తెరమీద నిలబడి చూస్తున్నాయి. చెరిపేశాడు. ఆదివారం రెండో ఆటలో బంతి దాని చేతిలోంచి జారి పక్కకి పడింది, బ్యాటర్ వైపు కాదు, తన కాళ్ళ దగ్గరే. అందరూ నవ్వారు, జారిందనుకున్నారు. నైనిక ఆ బంతిని తీసుకోలేదు. వంగింది కానీ వేళ్ళు ముడుచుకోలేదు. అప్పుడు కూడా అతను కుర్చీలోంచి లేవలేదు, కమాన్ నైనీ, షేక్ ఇట్ ఆఫ్, అని అరిచాడు; ఆ అరుపు ఇప్పుడు ఈ గదిలో వినిపిస్తోంది, టీవీలోంచి వస్తోందా అన్నంత. డేనా నడుచుకుంటూ వెళ్ళింది, పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది, భుజం చుట్టూ చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చేసింది. ఈ క్లినిక్ పేరు ఇచ్చింది కూడా ఆవిడే, రేపే వెళ్ళండి అని. అపాయింట్‌మెంట్ మంగళవారానికి దొరికింది. తను తీసుకురాలేదు. ఎవరో పరాయి మనిషి చెప్తే తీసుకొచ్చాడు.

లోకేష్ చివరి మెసేజ్ పెట్టాడు. పైన ఫణి పేరు. వినకుండా ఉండాల్సింది. విన్నాడు. "ఫణి అన్నా! ఏం టీము తీసినవ్ అన్నా! ఒక్కనికి దెబ్బ లేదు, ఒక్కనికి కట్టు లేదు. ఆ లెఫ్ట్ హ్యాండ్ పిచర్ కోసం మేమందరం కొట్లాడుకుంటుంటే నువ్వొక్కనివే సప్పుడు చేయకుండ పక్కకి జరిగినవ్. పొద్దుగాల న్యూస్ చూసినవా? వాని చెయ్యి పోయింది, ఆపరేషనంట, సీజన్ మొత్తం ఔట్. పాపం, వాన్ని తీసుకున్న రాజీవ్ అన్న నెత్తి పట్టుకున్నడు. నీకెట్ల తెలుస్తదన్నా? చెయ్యి సూస్తే చాలు నీకు. ఈ సారి ఏ ప్లస్, ఫస్ట్ టైం ఇస్తున్నా, లీగ్ చరిత్రల." కింద చప్పట్లు, దండాలు. రాజీవ్ రాశాడు, డాక్టర్ గారూ, వచ్చే ఏడు నా డ్రాఫ్ట్ కూడా మీరే చేయండి బాబూ. ఇంకెవరో, డాక్టర్ ఫణికుమార్, ఎంబీబీఎస్. ఫణికి చెవులు కాలాయి. ఎవరో చూస్తున్నట్టు ఫోన్ బోర్లా పెట్టాడు. రిసెప్షన్‌లో అమ్మాయి నిజంగానే చూసింది, ఆర్ యూ ఓకే సర్ అంది. యెస్ యెస్ అన్నాడు. మళ్ళీ తల ఊగింది. ఈ తల ఇంతే, ఎవరేమన్నా ఊగుతుంది.

తలుపు తెరుచుకుంది. నైనిక తన బట్టల్లో బయటికొచ్చింది, జుట్టు ఒక పక్కకి అణిగిపోయి, చెవి దగ్గర హెడ్‌ఫోన్ల అచ్చు. "లౌడ్‌గా ఉంది అందులో" అంది, పక్కన కూర్చుంది. ఫోన్ చూసి, "లోకేష్ అంకుల్ గ్రేడ్స్ ఇచ్చాడా?" అంది. ఇచ్చాడన్నాడు. "మనకెంత?" మనకి అంది. ఏ ప్లస్ అన్నాడు. దాని మొహం వెలిగింది, నిజంగా, ఆదివారం తర్వాత మొదటిసారి. "చెప్పానా! నువ్వు ఇంజురీస్ బాగా చూస్తావ్ కదా నాన్నా." ఎత్తిపొడుపు కాదు. ఎంత వెతికినా అందులో ఎత్తిపొడుపు లేదు. వెతుకుతూ దాని మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు, దొరికితే బాగుండునని.

డాక్టర్ పిలిచింది. స్క్రీన్ మీద చెయ్యి, బూడిద రంగులో, కండా ఎముకా విడివిడిగా. పెన్నుతో చూపించింది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి, ఇదిగో ఈ చిటికెనవేలి వైపు ఎముకకి సన్నటి చీలిక, వాడీ వాడీ అలిసిపోయి వచ్చే చీలిక, సాఫ్ట్‌బాల్ పిచర్లలో చూస్తుంటాం. పూర్తిగా మానుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు, పట్టీ, విశ్రాంతి, ఈ సీజన్‌కి ఇక ఆట లేదు. ఫణి బిగబట్టిన ఊపిరి వదులుతుండగా ఆవిడ పెన్ను కొంచెం జరిపింది. ఇక్కడ చుట్టూ కొత్త ఎముక కడుతోంది చూడండి, అంటే శరీరం దీన్ని బాగుచేసుకోడానికి వారాలుగా ప్రయత్నిస్తోంది, ఇది శనివారం వచ్చింది కాదు అంది. నైనిక వైపు తిరిగి, చాలా మెల్లగా, ముందు ఎప్పుడైనా నొప్పి అనిపించిందా అని అడిగింది. నైనిక భుజాలెగరేసింది. "ఐ డోంట్ నో. మే బీ ఐ డిడ్న్ట్ నోటిస్."

ఆ మాట గదిలో ఇంకా ఉండగానే అతను నోరు తెరిచాడు. ఇంగ్లీషులోనే, తప్పుల్లేకుండా చెప్పాలన్న ఆలోచన కూడా లేకుండా. షీ నోటీస్డ్. ఫిబ్రవరిలో నాకు చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేనే ఆడమన్నాను. మాత్రలిచ్చి ఆడించాను. కోచ్‌కి చెప్పొద్దన్నాను. మా ఆవిడకి తెలీదు. ఒక్కొక్క వాక్యం బయటికి వచ్చేకొద్దీ తేలిక అవుతుందనుకున్నాడు, అవలేదు. డాక్టర్ కేకలేస్తుందనుకున్నాడు, వేయలేదు. ఒక్క క్షణం అతని వైపు చూసి, థాంక్యూ, ఏ మాత్రలు, రోజుకి ఎన్ని అని అడిగి, రాసుకుంది. అంతే. ఆ రాసుకోవడం కన్నా తిట్టే నయం. నైనిక కుర్చీ అంచు పట్టుకుని, గోడ మీది ఎముకల బొమ్మ వైపు చూస్తూ కూర్చుంది. దాని చెవులు ఎర్రగా ఉన్నాయి. తండ్రి సిగ్గు పిల్ల చెవుల్లోకి పాకింది.

కార్లో కూర్చున్నాక, చేతికి కొత్త పట్టీ, ఒళ్ళో పెట్టుకుంది. అతను తాళం తిప్పలేదు. అద్దం మీద పుప్పొడి. నువ్వు నన్ను కాపాడటానికి అలా చెప్పక్కర్లేదు నైనీ అన్నాడు. అది ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత, "కాపాడటానికి కాదు" అంది. దాని తెలుగు అతి జాగ్రత్తగా వస్తోంది, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. "నువ్వు అలానే చెప్పమంటావ్ అనుకున్నా."

ఎవరో పక్క కారు తీసుకుని వెళ్ళిపోయారు. ఫణి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. సారీ అనాలి, అన్నాడు కూడా, ఆ మాట అద్దానికి తగిలి అక్కడే పడింది. "ఇట్స్ ఓకే" అంది నైనిక వెంటనే, మరీ వెంటనే. ఇట్స్ నాట్ ఓకే నాన్నా అనాల్సింది అది. ఇంట్లో విజయశ్రీ ఉంటుంది, ఆవిడకి మొదటి నుంచీ చెప్పాలి. డేనాకి ఫోన్ చేయాలి. అవన్నీ చేయచ్చు, చేస్తాడు. కానీ ముందు ఇది, ఇక్కడ, ఇప్పుడు. ఎంత ఆలస్యంగానైనా.

"నైనీ, ఇప్పుడు నొప్పిగా ఉందా?"

"ఐయామ్ ఫై" అని ఆగిపోయింది. ఆగి అతని మొహంలోకి చూసింది. పాల గ్లాసు దగ్గర చూసిన చూపు, కోచ్ ముందు చూసిన చూపు. ఏ జవాబు కావాలో అతని కళ్ళలో వెతుక్కునే చూపు. ఇన్నాళ్ళూ దాన్ని ప్రేమ అనుకున్నాడు. అతను మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు, పసుపు కమ్మిన అద్దం తప్ప ఏమీ కనపడని వైపు, దానికి తన మొహంలో ఏమీ దొరక్కుండా. ఎదురుచూశాడు. వెనక ఏ చప్పుడూ లేదు. వెనక్కి తిరగాలని మెడ లాగుతోంది. తిరగలేదు.

"ఉంది" అంది నైనిక. తర్వాత కాసేపటికి, "చాలా ఉంది."

"ఎక్కడెక్కడ?"

అది ముక్కు ఎగబీల్చింది. పట్టీ లోపల వేళ్ళు కదిపిన చప్పుడు. చిటికెనవేలి దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.